ఏ చట్టం ప్రకారం? పాఠకుల ప్రశ్నలకు ఒక న్యాయవాది జవాబులు

నేను 1983లో లాయర్‌గా పేరు నమోదు చేసుకున్నాను. చిక్కడపల్లిలో మా సీనియర్‌గారి ఛాంబర్‌లో మొదటి వారం ఆయన నాకు నేర్పింది ఒకే ఒక్క ప్రశ్న. క్లయింటు వచ్చి "మున్సిపాలిటీవాళ్లు మా అరుగు పడగొడతామంటున్నారండీ" అన్నా, "తహసీల్దారు పహాణీ నకలు ఇవ్వనన్నాడండీ" అన్నా, ఆయన కళ్లజోడు నుదుటి మీదకు నెట్టి "ఏ చట్టం ప్రకారం అన్నారు?" అని అడిగేవారు. ఈ నెల వచ్చిన ఉత్తరాలు ముందేసుకుని కూర్చుంటే ఆ గొంతే వినిపించింది. ఎక్కువ ఉత్తరాలకు జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది.

ప్రశ్న: మేడమ్‌గారూ, మాది 34 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. పనివాళ్లు, డెలివరీ బాయ్స్ లిఫ్ట్ ఎక్కకూడదని, ఎక్కితే 300 రూపాయల ఫైన్ అని మొన్నటి మీటింగ్‌లో తీర్మానం చేశాం. 31 మంది చేతులెత్తారు. వద్దన్నది ముగ్గురే. వాళ్లలో ఒకాయన ఇది రాజ్యాంగ విరుద్ధమంటూ రోజూ గ్రూపులో మెసేజ్‌లు పెడుతున్నారు. మెజారిటీ మాట చెల్లడమే కదండీ ప్రజాస్వామ్యం?
(అసోసియేషన్ సెక్రటరీ, కూకట్‌పల్లి)

జవాబు: సెక్రటరీగారూ, మీరు దాచుకోకుండా అడిగారు, నేనూ దాచుకోకుండా చెబుతాను. నేను ఆ ముగ్గురి వైపు.

చేతులు లెక్కపెట్టడం మంచి పద్ధతే. కానీ ఏ విషయం మీద లెక్కపెట్టొచ్చు, ఏ విషయం మీద లెక్కపెట్టకూడదు అన్నది ముందు తేలాలి. సంపుకు ఏ మోటారు కొనాలి, జనరేటర్ డీజిల్‌కు తలా ఎంత వేసుకోవాలి, గేటుకు ఏ రంగు కొట్టించాలి, వీటికి ఓటింగ్ పెట్టండి. ఓడినవాళ్లకు పెద్ద నష్టమేమీ ఉండదు, వచ్చే మీటింగ్‌లో వాళ్ల మాటే నెగ్గొచ్చు. లిఫ్ట్ తీర్మానం అలాంటిది కాదు. ఎవరి మీద ఆ తీర్మానం చేశారో వాళ్లలో ఒక్కరైనా ఆ మీటింగ్‌లో ఉన్నారా? ఐదో అంతస్తులో గిన్నెలు తోమే ఆవిడకు అక్కడ ఓటు లేదు, కూర్చోవడానికి కుర్చీ లేదు, మీటింగ్ ఉందన్న కబురు కూడా లేదు. ఈ మీటింగ్‌లోనే కాదు, వందో మీటింగ్‌లో కూడా ఆవిడ మాట నెగ్గే దారి లేదు. అలాంటి మనిషి కోసమే రాజ్యాంగంలో ప్రాథమిక హక్కుల భాగం రాశారు. 13వ అధికరణం చూడండి. ప్రాథమిక హక్కులను హరించే చట్టాన్ని సాక్షాత్తూ శాసనసభే పాస్ చేసినా అది చెల్లదు. చేతులు ఎన్ని లేచాయన్నది అక్కడ పనికిరాదు.

మీ మిత్రుడికీ ఒక మాట చెప్పాలి. ప్రాథమిక హక్కులు ఎక్కువగా ప్రభుత్వం మీద పెట్టిన కట్టడి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ప్రభుత్వం కాదు. ఆయన కోర్టుకెళితే అవతలి లాయర్ మొదట ఎత్తేది ఆ పాయింటే. అయితే కొన్ని అధికరణాలు ప్రభుత్వంతో ఆగవు. అంటరానితనం ఏ రూపంలో ఉన్నా నిషేధమని 17వది చెబుతుంది. అది పక్కింటివాడికీ వర్తిస్తుంది, అసోసియేషన్‌కూ వర్తిస్తుంది. దాని మీద 1955లో చట్టం వచ్చింది, శిక్షలున్నాయి. మీ మీటింగ్‌లో ఎవరి నోటి వెంటైనా 'వాళ్లు ఎక్కిన లిఫ్ట్ మేమెక్కాలా' అన్న మాట వచ్చిందా? గుర్తు చేసుకోండి. వచ్చి ఉంటే మీరు ఫైన్ వేసే స్థితిలో లేరు, కేసు ఎదుర్కొనే స్థితిలో ఉన్నారు.

అదీ కాదంటారా, బైలా పుస్తకం, అంటే మీ అసోసియేషన్ నియమాల పుస్తకం తీయండి. ఫైన్ వేసే అధికారం ఏ క్లాజులో ఉంది? ఉన్నా అది సభ్యుల మీద. పనిచేసుకోవడానికి వచ్చిన మనిషి మీ సభ్యురాలు కాదు, ఆవిడ దగ్గర డబ్బు వసూలు చేసే హక్కు మీకు ఎక్కడి నుంచి వచ్చింది?

మా నల్లకుంట బిల్డింగులోనూ ఇదే జరిగింది కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. మా ఇంట్లో పనిచేసే ఆవిడకు యాభై దాటాయి. మోకాళ్లకు జిందా తిలిస్మాత్ రాసుకుని వస్తుంది. ఆవిడ వచ్చిందని నాకు వాసనతోనే తెలుస్తుంది. ఒకరోజు ఎనిమిదింటికి రావలసిన మనిషి ఎనిమిదిన్నరకు వచ్చి గుమ్మంలోనే కూర్చుండిపోయింది. నాలుగు అంతస్తులు మెట్లెక్కి వచ్చింది. లిఫ్ట్ పక్కన కంప్యూటర్‌లో టైప్ చేసిన కాగితం అంటించారట. ఆవిడకు చదువు రాదు, వాచ్‌మన్ చదివి వినిపించాడు. నేను కిందికి దిగి మా సెక్రటరీగారిని అడిగింది ఆ పాత ప్రశ్నే. "అందరూ ఒప్పుకున్నారు మేడం" అన్నారాయన. బైలా తెమ్మన్నాను. ఇద్దరం అక్కడే పార్కింగ్‌లో నిలబడి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పాం. లేదు. వారం తిరక్కుండా కాగితం తీసేశారు. టేపు మరక మాత్రం ఇప్పటికీ ఆ గోడ మీద ఉంది.

ప్రశ్న: అశోక్‌నగర్‌లో రూము తీసుకుని గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నాను. రాత్రి పదిన్నరకు టీ తాగి వస్తుంటే పోలీసులు ఆపి ఫోన్ అన్‌లాక్ చేయించి వాట్సాప్ అంతా చూశారు. ఏమీ లేదని పంపేశారు. 'తప్పు చేయనోడికి భయమెందుకు' అన్నారు. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. నేను వద్దు అనొచ్చా మేడం?
(ఒక అభ్యర్థి)

జవాబు: అనొచ్చు బిడ్డా. మర్యాదగా అనొచ్చు.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా చెప్పారు, వ్యక్తిగత గోప్యత 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని. ఆ కేసు వేసినాయన కర్ణాటక హైకోర్టు మాజీ జడ్జి పుట్టస్వామి, అప్పటికే ఎనభై దాటినవారు. ఆ తీర్పు ప్రకారం ప్రభుత్వం నీ గోప్యతలోకి రావాలంటే దానికి ఒక చట్టం ఉండాలి, సరైన అవసరం ఉండాలి, అవసరానికి మించి చొరబడకూడదు. నేరం దర్యాప్తులో ఫోన్ స్వాధీనం చేసుకునే అధికారం పోలీసులకు ఉంది, దానికి పంచనామా ఉంది, పద్ధతి ఉంది. దారిన పోయేవాళ్లందరి ఫోన్లూ తెరిపించి చూడమని నేను చదివిన ఏ చట్టమూ చెప్పదు.

రోడ్డు మీద వాదనకు దిగకు. రాత్రిపూట ఒక్కడివి ఉన్నప్పుడు అసలు దిగకు. "ఏ కేసులో చూస్తున్నారు సార్?" అని ఒక్కసారి నెమ్మదిగా అడుగు. చొక్కా మీది పేరు, టైమ్, చోటు గుర్తుపెట్టుకుని రూముకెళ్లగానే కాగితం మీద రాసి తేదీ వెయ్యి. తెల్లారాక సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టు, దారిన పోయేవాళ్ల ఫోన్లు తనిఖీ చేయడానికి ఏ సెక్షన్ ఆధారమో కాపీ ఇవ్వమని. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఆ జవాబు నీ చేతిలో ఉంటే పైఅధికారికి రాయడానికైనా, హైకోర్టుకు వెళ్లడానికైనా పనికొస్తుంది. ఎప్పుడైనా అరెస్టు దాకా వస్తే కారణం చెప్పాలి, లాయర్‌ను కలవనివ్వాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. అది 22వ అధికరణం, పరీక్ష కోసం కంఠతా పట్టే ఉంటావు.

భయమెందుకు అన్నారు కదా, ఇంటికి తలుపు పెట్టుకున్నవాళ్లందరినీ దొంగలని మనం అనుకోం.

ప్రశ్న: పార్లమెంటు గొప్పదా, సుప్రీంకోర్టు గొప్పదా? రోజూ టీవీలో ఇదే చర్చ. ప్రజలు ఎన్నుకున్నవాళ్లను ఎవరూ ఎన్నుకోని జడ్జీలు ఎలా ఆపుతారు?
(విశ్రాంత ఉపాధ్యాయుడు, వనస్థలిపురం)

జవాబు: మాస్టారూ, మా తాతగారు నిజాం కాలంలో అదాలత్‌లో, అంటే కోర్టులో, పేష్కారు (గుమస్తా). ఇంట్లో ఆయన నోటి నుంచి 'ఫర్మానా వచ్చింది' అన్న మాట వస్తే ఇక చర్చ లేదు. పాలకుడు సంతకం పెడితే అదే చట్టం. 1949 నవంబరు 23న ఏడో నిజాం మరో ఫర్మానా ఇచ్చారు, భారత రాజ్యాంగమే ఇకపై హైదరాబాద్ రాజ్యాంగమని. తన మాటే చట్టంగా చెల్లిన పాలకుడు, తన మాటనూ కట్టేసే పుస్తకాన్ని ఒప్పుకున్నారు. మూడు రోజుల తర్వాత ఢిల్లీలో రాజ్యాంగ సభ దాన్ని ఆమోదించింది. 1950 జనవరి 26 నుంచి ఇక్కడ ఆయన రాజప్రముఖ్, అంటే ఆ పుస్తకం ఇచ్చినంత అధికారమే ఉన్న మనిషి.

మీ ప్రశ్నకు నా జవాబు అందులోనే ఉంది. పార్లమెంటూ గొప్పది కాదు, కోర్టూ గొప్పది కాదు, ఇద్దరి అధికారమూ ఆ పుస్తకం ఇచ్చిందే. ఈ గొడవ తేలడానికి ఏళ్లు పట్టింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మొదటి చీఫ్ జస్టిస్‌గా మూసీ ఒడ్డు భవనంలో కూర్చున్న కోకా సుబ్బారావుగారు, 1967లో దేశ ప్రధాన న్యాయమూర్తిగా గోలక్‌నాథ్ కేసులో ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదన్నారు. అక్కడ ఆరుగురు అటు, ఐదుగురు ఇటు. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో పదమూడు మంది జడ్జీలు కూర్చుని ఆ తీర్పును పక్కన పెట్టారు. ఏ అధికరణాన్నైనా సవరించుకోవచ్చు, కానీ రాజ్యాంగం మౌలిక స్వరూపాన్ని మార్చడానికి వీల్లేదన్నారు. ఏడుగురు అటు, ఆరుగురు ఇటు. ఆ ఏడుగురిలో ఒక్క జడ్జి ఇటు మొగ్గి ఉంటే మనం ఈ రోజు వేరే దేశంలో ఉండేవాళ్లం. కాసరగోడ్ దగ్గరి ఒక మఠాధిపతి తన మఠం భూముల కోసం వేసిన కేసు అది.

ఎన్నుకోని జడ్జీలు అన్నారు. నిజమే, వాళ్లూ తప్పు చేస్తారు. 1976లో ఎమర్జెన్సీలో, అన్యాయంగా జైల్లో పెట్టినా కోర్టు తలుపు తట్టే హక్కు లేదని ఐదుగురిలో నలుగురు జడ్జీలు తీర్పిచ్చారు. కాదన్నది హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. మరుసటి ఏడాది ఆయన్ను దాటేసి ఆయన కంటే జూనియర్‌ను చీఫ్ జస్టిస్‌ను చేశారు, ఆయన రాజీనామా చేసి వెళ్లిపోయారు. ఆ నలుగురి తీర్పు తప్పని సుప్రీంకోర్టు తానే తేల్చి కొట్టేసింది 2017లో, పైన చెప్పిన పుట్టస్వామి గోప్యత కేసులోనే. నలభై ఒక్క ఏళ్లు పట్టింది. అందుకే నేను ఏ ఒక్క సంస్థనూ గుడ్డిగా నమ్మమని చెప్పను. ఒకరు దారి తప్పితే ఇంకొకరు అడిగే ఏర్పాటు ఉండాలి, అంతే నేను కోరేది.

ప్రశ్న: 1984లో ఒక ముఖ్యమంత్రిని గవర్నర్ రాత్రికి రాత్రి తీసేశారని, జనం రోడ్ల మీదికొచ్చి మళ్లీ తెచ్చుకున్నారని మా నాన్న చెబుతుంటారు. గవర్నర్‌కు నిజంగా అంత అధికారం ఉందా ఆంటీ? ఇప్పుడూ అలా చేయొచ్చా?
(డిగ్రీ విద్యార్థిని, సైనిక్‌పురి)

జవాబు: తల్లీ, ఆ నెల నేను ఇక్కడే ఉన్నాను. ప్రాక్టీసు మొదలుపెట్టి ఏడాది.

ఎన్టీ రామారావుగారు అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని అప్పుడే తిరిగొచ్చారు. శాసనసభలో 294 సీట్లు, ఆయన పార్టీకి 200కు పైగా. ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఆయన్ను తొలగించి నాదెండ్ల భాస్కరరావుగారి చేత ప్రమాణం చేయించారు. మెజారిటీ నాదే, ఎమ్మెల్యేలను తెచ్చి చూపిస్తాను, సభను పిలవండి అని రామారావుగారు మొత్తుకున్నా వినలేదు. అప్పుడు మా ఛాంబర్‌లో జరిగింది నాకు కళ్లకు కట్టినట్టుంది. మా సీనియర్‌గారు ఆ పార్టీ మనిషి కాదు, ఓటు కూడా వేయలేదని మాకు తెలుసు. రేడియో కట్టేసి 164వ అధికరణం తీసి నా చేత చదివించారు. గవర్నర్ ఇష్టం ఉన్నంత కాలం మంత్రులు పదవిలో ఉంటారని ఉంది అందులో. "ఉంది కదండీ సార్" అన్నాను. "కింద రెండో క్లాజు చదువమ్మా" అన్నారు. మంత్రివర్గం సమష్టిగా శాసనసభకు బాధ్యత వహించాలి. "ఇష్టం అన్న మాటకు అర్థం ఈ రెండో మాటలో ఉంది. మెజారిటీ ఉందో లేదో రాజ్‌భవన్ డ్రాయింగ్ రూములో లెక్కపెట్టకూడదు, పబ్లిక్ గార్డెన్స్ పక్కన అసెంబ్లీలో లెక్కపెట్టాలి" అన్నారు. నలభై ఏళ్లు దాటినా నాకు ఆ పాఠం ఆ గదిలోని ఫ్యాన్ చప్పుడుతో సహా గుర్తుంది.

తర్వాతిది మీ నాన్నగారు చెప్పే ఉంటారు. ఎమ్మెల్యేలను ఢిల్లీ తీసుకెళ్లి రాష్ట్రపతి ముందు నిలబెట్టారు. చేజారిపోకుండా కర్ణాటకలో నంది కొండల మీద ఉంచారు. బస్సులు తిరగని రోజుల్లో నేను హైకోర్టు నుంచి నల్లకుంటకు నడిచి వచ్చాను. ప్రతి కూడలిలో ఇదే మాట. గవర్నర్ మారారు, శంకర్‌దయాళ్ శర్మగారు వచ్చారు. సరిగ్గా నెలకు, సెప్టెంబరు 16న రామారావుగారు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు, తర్వాత సభలో బలం నిరూపించుకున్నారు.

ఇప్పుడు అలా చేయడం కష్టం. 1994లో కర్ణాటక మాజీ ముఖ్యమంత్రి బొమ్మై కేసులో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం మెజారిటీ తేలాల్సింది సభలోనేనని చెప్పింది. ఆ కేసు రాష్ట్రపతి పాలన గురించి వచ్చినా, అప్పటి నుంచి ఎక్కడ ప్రభుత్వం ఊగినా కోర్టులు ముందు బలపరీక్షే పెట్టమంటున్నాయి.

కానీ తలుపు మూస్తే కిటికీలోంచి వచ్చే జబ్బు ఇది. 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం తెచ్చారు, పార్టీ మారితే సభ్యత్వం పోతుందని. పోయిందని తేల్చాల్సింది స్పీకర్. స్పీకర్ సాధారణంగా అధికార పార్టీ నుంచి ఎన్నికైన మనిషే. నిర్ణయం చెప్పకుండా ఏళ్లు గడిపేస్తే ఐదేళ్ల పదవీకాలం అలాగే అయిపోతుంది. మన తెలంగాణ ఎమ్మెల్యేల కేసులోనే 2025 జులై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కు మూడు నెలల గడువు పెట్టాల్సి వచ్చింది. ఈ అధికారం స్పీకర్ చేతిలోంచి తీసి స్వతంత్ర ట్రిబ్యునల్‌కు ఇవ్వడం గురించి పార్లమెంటు ఆలోచించాలని 2020లోనే ఆ కోర్టు చెప్పింది. నా అభిప్రాయమూ అదే. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఇదే చెబుతాను. ఓటరు ఒక గుర్తుకు వేసిన ఓటును ఇంకో గుర్తు కిందికి మోసుకెళ్లే హక్కు ఆ ఎమ్మెల్యేకు ఎవరిచ్చారు?

ప్రశ్న: కార్పొరేషన్ ఎన్నికలప్పుడు మా వీధిలో సగం మంది ఓటుకే పోలేదు. నా ఒక్క ఓటుతో ఏమవుతుందక్కా?
(గృహిణి, మలక్‌పేట)

జవాబు: మీ వీధే కాదమ్మా, 2020 డిసెంబరు 1న మొత్తం గ్రేటర్ హైదరాబాద్‌లో నూటికి 47 మంది కూడా వేయలేదు. మోరీ పొంగితే, వీధి లైటు వెలగకపోతే మనం వెతుక్కునేది కార్పొరేటర్‌నే. ఆ ఎన్నికకే ఇంట్లో కూర్చుంటున్నాం.

ఏమవుతుంది అన్నదానికి లెక్కల్లో చెప్పను, మా నాయనమ్మ సంగతి చెబుతాను. మొదటి సార్వత్రిక ఎన్నికలకు ఓటర్ల జాబితా రాస్తుంటే ఉత్తరాదిలో ఎంతోమంది ఆడవాళ్లు తమ పేరు చెప్పలేదు, ఫలానా వాడి తల్లిని, ఫలానా వాడి భార్యను అన్నారు. ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ అలా ఒప్పుకోలేదు. సొంత పేరు చెప్పని దాదాపు 28 లక్షల మంది జాబితాలోంచి పోయారు. మా నాయనమ్మ మాత్రం తన పేరు చెప్పింది. పెళ్లయిన దగ్గర్నుంచి ఇంట్లో అందరికీ ఆవిడ 'పెద్దమ్మ'. ఆ ఎన్నికల్లో సుల్తాన్‌బజార్ దగ్గరి ఒక బడిలో క్యూలో నిలబడితే, బల్ల దగ్గర కూర్చున్న గుమస్తా తన పేరు పెట్టి పిలిచాడట. పలకడానికి ఒక్క క్షణం పట్టిందట, ఎవరినో అనుకుని. అప్పట్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు. చదువు రాని నాయనమ్మ గుర్తు చూసి కాగితం వేసింది. ఎవరికి వేసిందో తాతయ్య ఎంత అడిగినా చచ్చేదాకా చెప్పలేదు.

జాబితాలో మీ పేరు ఉందో లేదో ఇవాళే చూసుకోండి. లేకపోతే ఆరో నంబరు ఫారం నింపాలి. మీ అమ్మాయికి పద్దెనిమిది నిండబోతుంటే తన ఫారం కూడా నింపించండి. ఇప్పుడు జనవరి దాకా ఆగక్కర్లేదు, ఏడాదికి నాలుగు అర్హత తేదీలు ఉన్నాయి.

ప్రశ్న: రాజ్యాంగం పుస్తకం తెలుగులో దొరుకుతుందా? నేను తొమ్మిదో తరగతి. అంతా చదవాలా?
(విద్యార్థి, ఉప్పల్)

జవాబు: దొరుకుతుంది నాన్నా. ప్రభుత్వం వేసిన తెలుగు ప్రతి పేరు 'భారత సంవిధానము'. భాష కాస్త బరువుగా ఉంటుంది, భయపడకు. కోఠీలో లా పుస్తకాల షాపుల్లో అడుగు, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాతది తక్కువ ధరకు దొరికినా దొరుకుతుంది. పాతదైతే ఏ సంవత్సరం ముద్రణో చూసి తీసుకో, సవరణలు మారుతుంటాయి.

అంతా ఒక్కసారి చదవక్కర్లేదు. ముందు పీఠిక. తర్వాత 12 నుంచి 35 దాకా, రోజుకు ఒక్కటి చొప్పున. 32 దగ్గరికి వచ్చాక అక్కడ ఆగి పుస్తకం మధ్యలోకి వెళ్లి 226 కూడా చదువు. మొదటిది సుప్రీంకోర్టు తలుపు, రెండోది మన హైకోర్టు తలుపు. రెండింటి కింద పెన్సిల్‌తో గీత గీసుకో. అర్థం కాని మాట వస్తే ఆ పేజీ నంబరు వేసి నాకు రాయి, వచ్చే నెల నీ ఉత్తరంతోనే మొదలుపెడతాను.